రేకుడబ్బాకి ఇద్దరు కావాలి

ఆమెను మొదటిసారి చూసినప్పుడు నాకు కనిపించినవి రెండు కాళ్ళు. మిగతా మనిషి ఒక పాత బండి కింద ఉంది.

మ్యూజియం వెనకాల రేకుల షెడ్డు అది. బయట కుండపోతగా వాన. రేకుల మీద ఆ మోతకి, నేను నాలుగుసార్లు "ఏమండీ" అంటే గానీ ఆ కాళ్ళు కదల్లేదు. కదిలాక కూడా బయటికి రాలేదు. పద్నాలుగో నంబరు పానా అందుకోమని ఒక గొంతు వచ్చింది. అందించాను. "ఇది పదిహేడు," అంది గొంతు.

అక్కడికి నా పరువు సగం పోయింది. మిగతా సగం పోవడానికి ఇంకో పది నిమిషాలు పట్టింది.

నేను వీడియో గేములు చేస్తాను. మాది ట్యాంకుల యుద్ధం గేమ్. రోజూ లక్షలమంది ఆడతారు. అందులో ఒక్కో బండిని కంప్యూటర్లో తయారుచేసి, అది ఎంత వేగంగా పోవాలి, ఎంత దూరం కొట్టాలి, ఎంత దెబ్బకి తట్టుకోవాలి అని చూసుకోవడం నా ఉద్యోగం. కొత్త అప్‌డేట్ కోసం నేను ఏరికోరి ఎవరూ ఎరగని బండిని పట్టుకున్నాను. యుద్ధం రోజుల్లో ట్యాంకులు చాలక, ఒక ట్రాక్టర్ల ఫ్యాక్టరీ వాళ్ళు మామూలు ట్రాక్టరుకే పెద్ద ఫిరంగి బిగించి, చుట్టూ రేకులు కొట్టి, శత్రువు ట్యాంకుల్ని వేటాడటానికి పంపేశారు. అలాంటివి నలభై చేశారు. దాన్ని నడిపినవాళ్ళే దానికి రేకుడబ్బా అని పేరు పెట్టుకున్నారు. ఇప్పుడు మిగిలింది ఒక్కటే. దాని కిందే ఆ కాళ్ళు.

చివరికి మనిషి బయటికి వచ్చింది. చెంప మీద గ్రీజు, జుట్టు ముడిలో పెన్సిలు. షెడ్డులో అందరూ ఆమెను మేస్త్రి అంటారట. నేను వచ్చిన పనేమిటో ఒక్క క్షణం మర్చిపోయి, గుర్తు తెచ్చుకుని, టాబ్లెట్ తీసి నా రేకుడబ్బాని చూపించాను. ఆరు వారాలు కష్టపడి చేసింది. బోల్టులతో సహా ఉంది. నడిపి కూడా చూపించాను.

"చాలా బాగుంది," అంది మేస్త్రి. "మరి రివర్స్‌లో ఎందుకు నడుపుతున్నారు?"

"రివర్స్ కాదండీ. ముందుకే వెళ్తోంది."

ఆమె నన్నూ టాబ్లెట్‌నీ మార్చి మార్చి చూసింది. నన్ను బండి అటువైపుకి తీసుకెళ్ళి డ్రైవరు సీటు చూపించింది. సీటు ఇటు తిరిగి ఉంది. ఫిరంగి అటు తిరిగి ఉంది.

ట్రాక్టరుకి ముందు ఇంజను ఉంటుంది కదా, అంత బరువున్న ఫిరంగి దాని మీద పెడితే ముక్కు నేలలో దిగబడుతుందట. అందుకని వెనక బిగించారు, గొట్టం కూడా వెనక్కే. నా దగ్గరున్నది ఒకే ఒక్క ఫోటో, అది ఫిరంగి వైపు నుంచి తీసింది. ఫిరంగి ఎటుంటే అదే ముందు అనుకున్నాను. ట్యాంకుల గేములు చేసేవాడెవడైనా అలాగే అనుకుంటాడు. ట్రాక్టరు తెలిసినవాడు ఒక్కడూ అనుకోడు. నేను డ్రైవరుని తీసుకెళ్ళి బండి తోక దగ్గర కూర్చోబెట్టాను.

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నిలబడి నవ్వింది, బండికి ఆనుకుని నవ్వింది, చివరికి నేలమీద కూర్చుని నవ్వింది. ఆరు వారాల పని గంగలో కలిసినందుకు నాకు ఒళ్ళు మండాలి. మండలేదు. ఆ నవ్వు ఇంకాసేపు ఉంటే బాగుండునని అనిపించింది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఆ మర్నాటి నుంచి నాకు షెడ్డులో పనులు పుట్టుకొచ్చాయి. బోల్టులు లెక్కపెట్టాలన్నాను. క్లచ్ చప్పుడు రికార్డు చేసుకోవాలన్నాను. తుప్పు రంగు ఎండలో ఒకలా, వానలో ఒకలా ఉంటుందని, రెండూ చూడాలన్నాను. మేస్త్రి అన్నిటికీ సరేనంది. ఒకరోజు నాకు ఏ వంకా దొరక్క ఊరికే గుమ్మంలో నిలబడితే, "ఇవాళ వాసన రికార్డు చేసుకుంటారా, కంప్యూటర్ బాబుగారూ?" అని అడిగింది. చెవులదాకా ఎర్రబడ్డాను. ఆమె చూడనట్టు బండి కిందికి దూరింది. కింద నుంచి నవ్వు మాత్రం వినపడింది.

షెడ్డు బయట బల్ల మీద రోజూ పదింటికల్లా మేస్త్రి వాళ్ళ తాతయ్య వచ్చి కూర్చునేవాడు. ఎనభై దాటాయి, మోకాళ్ళు సహకరించవు, నోరు మాత్రం భేషుగ్గా పనిచేస్తుంది. యుద్ధంలో ఆయన నడిపింది రేకుడబ్బానే. మనవరాలు ఈ బండిని పట్టుకుని మూడేళ్ళుగా వేలాడుతున్నది ఆయన కోసమే. నేను గేమ్ సంగతి చెప్పినప్పుడు ఆయన రెండుసార్లు చెప్పించుకుని విన్నాడు.

"లక్షమంది నడుపుతారా, అబ్బాయ్, మా డబ్బాని?"

"ఇంకా ఎక్కువే, తాతయ్యా."

ఆయన నాకంటే పెద్దగా మురిసిపోయాడు. మేస్త్రి నా వైపు చూసిన చూపు ఒకటుంది. దాన్ని వర్ణించమంటే నా వల్ల కాదు గానీ, ఆ రోజు నేను గొడుగు షెడ్డులోనే మర్చిపోయి వానలో తడుస్తూ ఆఫీసుకి వెళ్ళాను. తడిసినట్టు ఆఫీసులో ఎవరో చెబితే తెలిసింది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఫిరంగిని వెనక్కి తిప్పి, డ్రైవరుని అతని చోట కూర్చోబెట్టి, బండిని గేములో పెట్టాక మొదలయ్యాయి కష్టాలు. మా టెస్టర్లు అందరూ అలవాటు ప్రకారం శత్రువు మీదికి దూసుకెళ్ళారు. ఎదురుగా శత్రువు, ఫిరంగేమో వెనక. తిప్పుకునేలోపు పేలిపోయేవాళ్ళు. సగటున పన్నెండు సెకన్లు బతికేవాళ్ళు.

మా బాస్ చెడ్డవాడు కాదు, తొందరెక్కువ. శనివారం మధ్యాహ్నం అందరికీ ఓపెన్ టెస్ట్ ఉందని, అందులో కూడా బండి ఇలాగే ఏడిస్తే అప్‌డేట్ నుంచి పీకేస్తానని, ఫైళ్ళు కూడా ఉంచనని చెప్పేశాడు. తాతయ్య మురిపెం గుర్తొచ్చింది. ఆ చూపు గుర్తొచ్చింది.

అప్పుడు నేనొక వెధవ పని చేశాను. రేకుడబ్బా రేకు మందం పదిహేను మిల్లీమీటర్లు. మేస్త్రి స్వయంగా కొలిచి ఇచ్చిన అంకె అది. దాన్ని తుడిచేసి అరవై అని కొట్టాను. ఒక్క సెకను పట్టింది. బండి ఒక్కసారిగా మొనగాడైపోయింది.

సోమవారం పొద్దున్నే ల్యాప్‌టాప్ పట్టుకుని షెడ్డుకి పరిగెత్తాను. తాతయ్య పక్కన కూర్చుని ఆడి చూపించాను. శత్రువు ట్యాంకు ఎదురుగా వచ్చి కొట్టింది. గుండు మన రేకుకి తగిలి ఠంగుమని ఎగిరిపోయింది. నేను గర్వంగా ఆయన వైపు తిరిగాను.

ఆయన స్క్రీన్ వంక చూడటం మానేశాడు.

"ఆ దెబ్బకి మేం ఉండం, నాయనా," అన్నాడు మెల్లగా. "ఫిరంగి పేల్చే మా గన్నరు ఆ దెబ్బకే పోయాడు."

మేస్త్రి చేతిలో పని ఆపి వచ్చింది. రేకు మందం ఎంత పెట్టారని అడిగింది. అబద్ధం చెప్పొచ్చు, చెప్పలేకపోయాను. అరవై అన్నాను.

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "ఆ పదిహేను వెనక కూర్చుని వాళ్ళు వెళ్ళారండీ. అదే మీరు తీసేశారు. రేపటి నుంచి రావద్దు," అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజు మళ్ళీ ఏ పనీ చేయలేదు. అంకెని మాత్రం పదిహేనుకి మార్చి, దాని వంక చూస్తూ కూర్చున్నాను.

రావద్దంది షెడ్డులోకి. షెడ్డు బయట బల్ల దగ్గరికి రావద్దనలేదు. మంగళవారం పదింటికి తాతయ్య పక్కన వెళ్ళి కూర్చున్నాను. లోపల నుంచి ఆకురాయి చప్పుడు గరగరా వస్తోంది. నన్ను చూశాక ఆ చప్పుడు ఇంకా పెరిగింది. తాతయ్యకి క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన నా భుజం తట్టి, నీ వయసులో నేను ఇంతకంటే పెద్ద తప్పులు చేశానులే అన్నాడు. అప్పుడు అడిగాను, మొదటే అడగాల్సిన మాట. అంత పల్చటి రేకుల మధ్య అన్నాళ్ళు ఎలా బతికి ఉన్నారని.

ఆయన చెప్పాడు. డ్రైవరూ గన్నరూ వీపూ వీపూ ఆనించినట్టు కూర్చుంటారు. మధ్యలో ఒక రేకు. బండిని రివర్స్‌లో తీసుకెళ్ళి గోడ చాటునో పొద చాటునో పెడతారు. గన్నరుకి శత్రువు కనిపిస్తాడు. డ్రైవరుకి పారిపోవాల్సిన దారి కనిపిస్తుంది, ఇంకేమీ కనిపించదు. ఇంజను మోతలో మాట వినపడదు కాబట్టి గన్నరు మధ్య రేకుని మడమతో తంతాడు. ఒకటి తంతే ఆగు. రెండు తంతే పద. రెండు గుళ్ళు పేల్చడం, ఉన్నపళాన ఉడాయించడం. మూడో గుండు కోసం ఎప్పుడూ ఆగేవాళ్ళు కాదు. ఒక్కరోజు ఆగారు.

"ఆ రోజు కూడా నేను చూసింది రోడ్డే," అన్నాడు తాతయ్య. "యుద్ధమంతా నా వీపు వెనకే జరిగింది. వాడు ఏం చూసేవాడో నాకు తెలీదు. ఒక్కసారి చూడాలని ఉండేది."

నేను లేచి నిలబడ్డాను. మా గేములో ఒక బండికి ఒక ఆటగాడు. అన్ని బండ్లకీ అంతే, మొదటి నుంచీ అంతే. అందుకే రేకుడబ్బా చస్తోంది. దానికి ఇద్దరు కావాలి.

"నేను చూపిస్తాను, తాతయ్యా," అన్నాను. మాటిచ్చేశాక, దాన్ని నిలబెట్టుకోవడానికి నాలుగు రోజులే ఉన్నాయని గుర్తొచ్చింది.

బుధ, గురు, శుక్రవారాలు నేను కుర్చీలోంచి లేచింది తక్కువ. డ్రైవరుకి ఒక స్క్రీన్, ముందున్న రోడ్డు తప్ప ఏదీ కనపడదు. గన్నరుకి వేరే స్క్రీన్, వెనక తప్ప కనపడదు. తన్నడానికి ఒక బటన్. బాస్ వచ్చి, ఇద్దరు మనుషులు కలిసి ఒక బండి ఆడతారా, ఇంట్లో టీవీ రిమోట్ దగ్గరే కుదరదు అన్నాడు. ఒక్క మ్యాచ్ ఇవ్వండని బతిమాలుకున్నాను. ఇచ్చాడు.

డ్రైవరుని నేనే. మరి గన్నరు? శుక్రవారం సాయంత్రం ధైర్యం కూడగట్టుకుని మేస్త్రికి ఫోన్ చేశాను. అంకె మళ్ళీ పదిహేను చేశానని చెప్పాను. రెండు సీట్ల సంగతి చెప్పాను. అటువైపు ఆకురాయి చప్పుడు ఆగింది.

"నేను జన్మలో గేమ్ ఆడలేదు," అంది చివరికి.

"ఆ ఫిరంగిని మూడేళ్ళుగా చూస్తున్నారు. నాకు అది చాలు."

శనివారం మధ్యాహ్నం ఆమె తాతయ్యని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ మా ఆఫీసుకి వచ్చింది. చెంప మీద గ్రీజు లేదు. నాకు కొంచెం లోటుగా అనిపించింది. ఆమె నాతో పొడిపొడిగా మాట్లాడి, నా వెనక టేబుల్ దగ్గర, అటు తిరిగి కూర్చుంది. మా కుర్చీలు వీపూ వీపూ తగిలేంత దగ్గరగా ఉన్నాయి. ఏది నొక్కితే ఏమవుతుందో రెండు నిమిషాల్లో నేర్చుకుంది. తన్నే బటన్ మాత్రం తనకి నమ్మకంగా లేదంది.

మ్యాచ్ మొదలైంది. మా జట్టులో మిగతావాళ్ళు అందరూ ఎప్పట్లాగే ముందుకి ఉరికారు. నేను రివర్స్ గేరు వేసి, వంతెనకి ఇవతల ఒక పడిపోయిన గోడ చాటుకి మెల్లగా వెళ్ళాను. నాకు కనిపిస్తున్నది ఖాళీ రోడ్డు. అంత ఖాళీ రోడ్డుని చూసి గుండె అంతగా కొట్టుకోవడం నాకదే మొదలు.

ఠప్పుమని నా కుర్చీకి ఒక తన్ను. బటన్ కాదు, నిజం తన్ను. ఆగాను. ఫిరంగి పేలింది. మళ్ళీ పేలింది. వెంటనే రెండు తన్నులు. గేరు మార్చి రోడ్డు పట్టుకుని దౌడు తీశాను.

ఏమైందో నాకు తెలీదు. అడగబోయాను.

"రెండూ తగిలాయి," అంది వెనక నుంచి. గొంతులో నవ్వు పొంగుతోంది. "నువ్వు రోడ్డు చూడు. వెనక నేను చూసుకుంటా."

నువ్వు అంది. బండి గోడకి గుద్దబోయి తప్పించాను.

ఇంకో మలుపులో ఆగాం, రెండు పేల్చాం, పారిపోయాం. మా చుట్టూ జనం మూగారు. చూసేవాళ్ళ లెక్క స్క్రీన్ మీద వేలు దాటింది. మా జట్టులో మేమిద్దరం తప్ప ఎవరూ మిగల్లేదు. అటువైపు ఒకే ఒక్క ట్యాంకు ఉంది, అందరికంటే పెద్దది. కొండ వాలులో పొద చాటున దాని కోసం కాచుకున్నాం. మొదటి గుండు తగిలింది. రెండోది తప్పింది.

"సగం పోయింది," అంది ఆమె ఊపిరి బిగపట్టి. "ఇంకొక్కటి కొడితే అయిపోతుంది."

తన్ను రాలేదు.

నా వేలు కీ మీద ఉంది. నాకు నేనుగా బండిని లాగించేయొచ్చు. పక్కన తాతయ్య రెండు చేతులతో కుర్చీ అంచు పట్టుకుని ఉన్నాడు. లాగించలేదు. వెనక ఏముందో ఆమెకి తెలుసు, నాకు తెలీదు. ఆ సీట్లో కూర్చున్నవాడికి నమ్మడం తప్ప వేరే పని ఉండదని అప్పుడు అర్థమైంది. నేను ఆమెను నమ్ముతున్నాను. ఎంతగానో కూడా అప్పుడే అర్థమైంది.

రెండు తన్నులు పడ్డాయి, నా కుర్చీ జారి టేబుల్‌కి కొట్టుకునేంత గట్టిగా. బండిని ఉరికించాను. మేము ఆ చోటు వదిలిన మరుక్షణం అక్కడ గుండు పడింది. కొండని చుట్టి, ఎగిరి పడుతూ, అవతలి వైపు నుంచి మళ్ళీ రివర్స్‌లో వెళ్ళాం. ఒక తన్ను. ఒక పేలుడు.

ఆఫీసంతా ఒక్కసారి కేకలు పెట్టింది. పద్నాలుగు నిమిషాలు బతికాం. గెలిచాం.

కుర్చీలు తిప్పుకుని ఎదురుబొదురయ్యాం. ఆమె ముఖం వెలిగిపోతోంది. ఇద్దరం ఆయాసపడుతున్నాం. బాస్ తన ఫోన్ చూపించాడు. రేకుడబ్బా ఆడటానికి జంటలు జంటలుగా క్యూ కట్టారు. అన్నా చెల్లెళ్ళు, రూమ్మేట్లు, మొగుడూ పెళ్ళాలు. సగంమంది ఒకరినొకరు తిట్టుకుంటున్నారు, కానీ మళ్ళీ ఆడుతున్నారు. బండిని తీసేది లేదన్నాడు బాస్.

నేను తాతయ్య దగ్గరికి వెళ్ళాను. రండి అన్నాను. మేస్త్రి లేచి తన కుర్చీ ఇచ్చింది, ఆయన చేతిని మౌస్ మీద పెట్టింది. నేను మళ్ళీ నా చోట కూర్చుని బండిని వంతెన దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆయన చాలాసేపు ఏమీ పేల్చలేదు. వంతెన, పొగ, దూరంగా వరసగా వస్తున్న ట్యాంకులు చూస్తూ ఉండిపోయాడు.

"ఇన్ని వచ్చేవా," అన్నాడు. "వాడు ఇవన్నీ చూస్తూ కూర్చునేవాడన్నమాట. నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. నేను భయపడతానని."

తర్వాత ఆయన రెండు గుళ్ళు పేల్చాడు. ఆ అరిగిపోయిన మోకాళ్ళతోనే నా కుర్చీని రెండు తన్నులు తన్నాడు. నా బండి అంత వేగంగా పరిగెత్తింది ఇంకెప్పుడూ లేదు.

సోమవారం నాకు షెడ్డులో ఏ పనీ లేదు. అయినా వెళ్ళాను. తాతయ్య బల్ల మీదే ఉన్నాడు. మేస్త్రి ఇంజను మూత తెరిచి లోపల చేతులు పెట్టి ఉంది. నన్ను చూసి, ఇవాళ ఏం కొలవాలని అడిగింది.

"ఏమీ లేదు," అన్నాను. "నిన్ను చూడటానికి వచ్చాను. ఇన్నాళ్ళూ కూడా అందుకే వచ్చాను. నువ్వంటే నాకు చాలా ఇష్టం."

ఆమె చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టింది. ఒక్కో వేలూ విడివిడిగా తుడిచింది.

"రావద్దని నేనే అన్నాను కదా," అంది చివరికి. "నువ్వు బల్ల దగ్గరికి కూడా రాని ఆ మూడు రోజులూ ఈ తలుపు చప్పుడైనప్పుడల్లా తలెత్తి చూశాను. నా మీద నాకే కోపం వచ్చింది. నువ్వంటే నాకూ ఇష్టమే. ఇంకెప్పుడూ అన్ని రోజులు మానేయకు."

నేను ఏదో అనబోయాను. ఏమనబోయానో ఇప్పటికీ గుర్తులేదు. బయటి నుంచి తాతయ్య దగ్గాడు. ఆయనకి మోకాళ్ళే సహకరించవు గానీ చెవులు బాగా పనిచేస్తాయి.

రేపు భోజనానికి ఇంటికి రమ్మన్నాడు నన్ను. మేస్త్రి వాళ్ళ అమ్మకి తాను ముందే చెప్పి ఉంచుతానన్నాడు.

"ఏమని చెప్తావు, తాతయ్యా?" అంది ఆమె.

"ఏముంది. వాడు ఏం చూసేవాడో నాకు చూపించిన అబ్బాయి అని చెప్తాను."

ఆమె గబుక్కున అటు తిరిగిపోయి కళ్ళు తుడుచుకుంది. చేతిలో ఉన్నది గ్రీజు గుడ్డ అని నేను చెప్పేలోపే తుడిచేసుకుంది.